కొత్త ట్యూబ్ ఆంప్ మొదటి రోజే గరుకుగా పలుకుతోంది, హమ్ కూడా ఉంది: వాపసు పంపాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కడపలో ఇల్లు. చేత్తో వైరింగ్ చేసిన 18 వాట్ల గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) తెప్పించుకున్నారు. స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు ఈఎల్84లు రెండు, వాటి ముందు గిటార్ సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్ ట్యూబులు 12ఏఎక్స్7లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, అన్నీ ఒకే పెట్టెలో. ఆదివారం చర్చిలో, మిగతా రోజులు ఇంట్లో వాయిస్తారు. మొదటి రోజు శబ్దం పైస్థాయిలో గుచ్చుకుంటోంది, సాయంత్రమైతే హమ్, అంటే ఆగకుండా వచ్చే మోత, పెరుగుతోంది. వారంలో వాపసు గడువు ముగుస్తుంది. లోపమా, కాదా?

వాపసు ఉత్తరం ఇప్పుడే రాయకండి. మొదటి రోజు చెవికి చేరేదాంట్లో ఆంప్ వాటా సగమే. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు, ఎండిపోయిన ఎర్త్ గుంత, ఇంకా బిగుసుకుని ఉన్న కొత్త స్పీకర్ కోన్, గది గోడలు, అన్నీ కలిసి పలుకుతాయి. వీటిని ఒక్కొక్కటే పక్కకు తీసి చూడటానికి వారం చాలు.

ముందుగా వెనక రాసి ఉన్న వోల్టేజీ చదవండి. 120 అని ఉంటే మన 230 సాకెట్‌లో పెట్టడమంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చుకోవడమే. 220, 230, 240 ట్యాపులు (ఊరి వోల్టేజీకి తగ్గట్టు ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చుకునే స్థానాలు) ఉంటే ఏది ఎంచుకున్నారో చూడండి. తర్వాత మల్టీమీటర్ తీసుకుని సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ మధ్య రోజుకు మూడుసార్లు కొలవండి: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పదకొండు దాటాక. బోరు మోటర్లు నడిచే వేళ వోల్టేజీ బాగా దిగుతుంది, అందరూ పడుకున్నాక పైకి పోతుంది. ట్యూబును లోపల వేడిచేసే తీగకు, అంటే హీటర్‌కు, కావలసింది 6.3 వోల్టులు, అటూ ఇటూ పది శాతం వరకు ఓర్చుకుంటుంది. 230 ట్యాపు మీద ఉన్న ఆంప్‌కు ఆ పది శాతం అంటే సాకెట్‌లో 207 నుంచి 253 వరకు. 195 ఉన్న రోజు హీటర్‌కు 5.3 వోల్టులే అందుతాయి. శబ్దం బలం లేకుండా, మసకగా వస్తుంది. అది ట్యూబ్ తప్పు కాదు, అలాగే రోజూ నడిపితే మాత్రం క్యాథోడ్ (హీటర్ వేడికి ఎలక్ట్రాన్లు వదిలే భాగం) త్వరగా అరిగిపోతుంది.

ఎక్కువ వోల్టేజీ ఇంకా ప్రమాదం. లెక్క చూడండి. ఈ తరహా ఆంపుల్లో రెండు ఈఎల్84లకూ కలిపి 130 ఓముల క్యాథోడ్ రెసిస్టర్ ఉండటం మామూలు. దాని మీద 10.5 వోల్టులు కనిపిస్తే మొత్తం 81 మిల్లీఆంపియర్లు, ట్యూబుకు 40. అందులో స్క్రీన్ అనే లోపలి జాలీ వాటా తీసేస్తే ప్లేటుకు, అంటే ఆ ఎలక్ట్రాన్లను అందుకునే రేకుకు, 38. ప్లేటుకూ క్యాథోడ్‌కూ మధ్య 310 వోల్టులుంటే 11.8 వాట్లు. ఈఎల్84 ప్లేటు పరిమితి 12 వాట్లు. అంటే 230 దగ్గరే ఇది అంచు మీద నడుస్తోంది. సాకెట్‌లో 245 అయితే 13 దగ్గరకు పోతుంది. 240 ట్యాపు ఉంటే దానికి మార్చించండి. లేకపోతే సర్వో స్టెబిలైజర్ గానీ, 2 ఆంపియర్ల డిమ్మర్‌స్టాట్ (చేత్తో తిప్పి వోల్టేజీ సరిచేసుకునే ట్రాన్స్‌ఫార్మర్) గానీ పెట్టుకోండి. ఈ ఆంప్ లాగేది సుమారు 100 వోల్ట్-ఆంపియర్లే కాబట్టి చిన్నది సరిపోతుంది. ఫ్రిజ్‌కు వాడే రిలే స్టెబిలైజర్ వద్దు. అది టక్కుమని మెట్టు మారినప్పుడల్లా స్పీకర్‌లో వినిపిస్తుంది.

క్యాథోడ్, ప్లేటు దగ్గరి ఈ కొలతలు తీయాలంటే చాసిస్, అంటే లోపలి లోహపు పెట్టె, తెరవాలి. లోపల 300 వోల్టులకు పైన డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటుంది. అలవాటు లేనివారు చెయ్యి పెట్టవద్దు. వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్ద మెకానిక్కులు ఊర్లో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరకు తీసుకుపోండి. ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే, ఆ పని వాళ్లకు చేతి అలవాటు.

ఇక ఎర్త్. మన సీమ ఇళ్లలో హమ్‌కు నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే. ఎర్త్ గుంతలో తేమ ఉంటేనే కరెంటు మట్టిలోకి పోతుంది. అనంతపురం, కడప, కర్నూలు ఎండల్లో మార్చి దాటాక ఆ గుంత పొడి మట్టి అయిపోతుంది. సాకెట్‌లో న్యూట్రల్, ఎర్త్ మధ్య కొలవండి. ఇంట్లో లోడు నడుస్తుండగా 2, 3 వోల్టుల లోపు ఉండాలి. 10, 15 చూపిస్తే గుంత చూసుకోవలసిందే. మీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది: ఎర్త్ పాడైనా ఫేజ్, ఎర్త్ మధ్య 230 చూపించగలదు. అందుకే ఎలక్ట్రీషియన్లు 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో చూస్తారు. ఫేజ్, ఎర్త్ మధ్య బల్బు న్యూట్రల్ మీద వెలిగినంత కాంతిగా వెలిగితే ఎర్త్ బాగున్నట్టు, మందంగా వెలిగితే పాడైనట్టు. ఇది మీరు చేయకండి. ఎర్త్ పాడై ఉంటే ఆ క్షణంలో ఇంట్లోని ఎర్త్ తీగంతా షాక్ కొడుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ మిగతా ప్లగ్గులన్నీ పీకించి చూస్తాడు. గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి, వేసవిలో వారానికి రెండుసార్లు నాలుగైదు బిందెల నీళ్లు పోయండి.

విదేశీ ప్లగ్‌కు తగిలించే రెండు పిన్నుల అడాప్టర్ వాడుతుంటే ఈ రోజే పారేయండి. దాంట్లో ఎర్త్ లేదు. గిటార్ తీగల మీద చెయ్యి, మైక్ మీద పెదవి ఉన్నప్పుడు అది ప్రాణం మీదకు తెస్తుంది. ఆంప్ వెనక కంప్యూటర్‌కు ఉండేలాంటి సాకెట్ ఉంటే, ఐఎస్ఐ గుర్తున్న మూడు పిన్నుల కంప్యూటర్ పవర్ కార్డు కొని పెట్టుకుంటే సరిపోతుంది.

హమ్ ఎక్కడిదో వేరు చేయడం ఇలా. గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ పోతే అది పికప్ (గిటార్ తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్ట) పట్టుకుంటున్నది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ అయితే గిటార్ పట్టుకుని నెమ్మదిగా తిరగండి, ఏదో ఒక దిక్కున తగ్గిపోతుంది. పోకపోతే కేబుల్ పూర్తిగా పీకేయండి. అప్పుడు పోతే కేబుల్‌దే తప్పు. ఇంకా ఉంటే ఆంప్ వాల్యూమ్ తిప్పండి. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ప్రీఆంప్, అంటే ఇన్‌పుట్ పక్కనున్న మొదటి 12ఏఎక్స్7 గానీ దాని వైరింగ్ గానీ. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అదే మోత ఉంటే పవర్ సప్లై లేదా పవర్ ట్యూబులు. శ్రుతి కూడా చెబుతుంది. లోతైన ఊఁ 50 హెర్ట్జ్, అది హీటర్లదో, ఎర్త్ లూపుదో (ఎర్త్‌కు రెండు దారులు కలిసి చుట్టుగా ఏర్పడటం). దానికి ఒక ఆక్టేవ్ పైన పలికేది 100 హెర్ట్జ్, అది ఫిల్టర్ కెపాసిటర్లదో, జత కుదరని పవర్ ట్యూబులదో. గిటార్ మీద అన్నిటికంటే లావు తీగను (E) ఐదో ఫ్రెట్ కింద పట్టి మీటితే 110 హెర్ట్జ్, రెండో మోత దానికి కాస్త కిందనే ఉంటుంది, పోల్చుకోవచ్చు.

మీరు చెప్పిన హమ్ సాయంత్రం పెరుగుతోంది. ఇది ఆంప్ లోపంలా లేదు. సాయంత్రం ఇంట్లో ఏం వెలుగుతాయి? చవక ఎల్ఈడీ బల్బులు, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీద ఫ్యాను. ఆ రెగ్యులేటర్ కరెంటు అలను మధ్యలో కోసి పంపుతుంది, దాని ముక్కలే చిర్రుమని వినిపిస్తాయి. ఫ్యాను పూర్తి వేగంలో పెట్టండి, లేదా ఆపేయండి. బల్బులు ఒక్కొక్కటే ఆర్పుతూ వినండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రం ఆంప్ గురించి ఏ నిర్ణయానికీ రాకండి. సైన్ వేవ్‌లో 230 వోల్టులకు శిఖరం 325 దాకా పోతుంది, ట్యూబుల ప్లేటు వోల్టేజీ ఆ శిఖరం నుంచే తయారవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో అంత శిఖరం ఉండదు. హీటర్ వెలుగుతుంది, ప్లేటు వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటుంది.

గరుకు సంగతికి వద్దాం. కొత్త 12 అంగుళాల స్పీకర్ కోన్ అంచు బిగువుగా ఉంటుంది. నా చెవికి 15, 20 గంటలు మోస్తరు వాల్యూమ్‌లో వాయించాక గాని పైస్థాయి మెత్తబడదు, కింది స్వరాలు నిండుగా రావు. దాని కోసం ట్యూబులు మార్చడం డబ్బు దండగ. రెండోది, గిటార్ స్పీకర్ పైస్వరాలను టార్చిలైటు లాగా ఎదురుగా కొడుతుంది. ఆంప్ నేల మీద ఉండి మీరు నిలబడి వింటే మెత్తగా, అదే కూర్చుని కోన్ ఎదురుగా వింటే సూదుల్లా ఉంటుంది. మూడోది గది. కింద కడప బండలు, చుట్టూ సిమెంటు గోడలు, పైన స్లాబు: ఇంతకంటే పైస్వరాలను తిరగ్గొట్టే గది ఉండదు. ఆంప్‌ను చెక్క పీట మీద కాస్త వెనక్కి వాల్చి పెట్టండి. వెనక గోడకు బొంత వేలాడదీయండి, ముందు జంపఖానా పరవండి. తేడా మీకే తెలుస్తుంది.

వినే పద్ధతి కూడా ఉండాలి. పెడల్స్ అన్నీ తీసేయండి. 3 మీటర్ల కేబుల్, గిటార్ వాల్యూమ్ పూర్తి, ఆంప్ టోన్ సగం. ఆంప్ వాల్యూమ్ 2 నుంచి అరగీత చొప్పున పెంచుతూ ఒకే కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) మీటుతూ పోండి. శుభ్రంగా ఉన్న శబ్దం ఎక్కడ చిట్లడం మొదలైందో రాసుకోండి. ఆ గీత దగ్గర మృదువుగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే చిట్లుతూ రావాలి. చేత్తో చేసిన ఈ రకం ఆంప్‌కు డబ్బు పెట్టేది ఈ స్పందన కోసమే. వాల్యూమ్ 2లో అది దొరకదు. అక్కడ పవర్ ట్యూబులు ఇంకా పనిలోకే దిగవు. అలాగని ఇంట్లో పెంచలేరు. 98 డెసిబెల్ స్పీకర్ మీద 18 వాట్లంటే మీటరు దూరంలో సుమారు 110 డెసిబెల్. ఇరుగుపొరుగు తలుపు తడతారు, మీ చెవులకూ మంచిది కాదు. ఒక మధ్యాహ్నం చర్చి హాలు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకుపోయి, నాలుగు మీటర్ల దూరంలో, చెవులకు రక్షణతో వినండి. ఇంటికి అటెన్యుయేటర్ (ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శబ్దం తగ్గించే పెట్టె) కావాలంటే స్పీకర్ ఓములకు సరిపోయేది, కనీసం 50 వాట్లది తీసుకోండి.

పార్సిల్ విప్పిన రోజే చూడవలసినవి కొన్ని ఉన్నాయి, ఇప్పుడైనా చూడండి. లారీలో కుదుపులకు స్పీకర్ జాక్ ఊడి ఉండొచ్చు. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి ఇన్సులేషన్ చీలిపోతుంది. స్పీకర్ తీగ బదులు గిటార్ కేబుల్ కూడా వద్దు. ట్యూబులు చల్లగా ఉన్నప్పుడే మెల్లగా నొక్కి సాకెట్‌లో కూర్చోబెట్టండి. ఏ ట్యూబుకైనా పైన వెండి రంగు మచ్చ పాలలా తెల్లబడి ఉంటే గాలి దూరినట్టు, దాన్ని వెలిగించవద్దు. స్పీకర్ బోల్టులు, వెనక చెక్క స్క్రూలు ఒకసారి బిగించండి. జల్లుమనే చప్పుడు సగం సార్లు వాటిదే.

స్టాండ్‌బై స్విచ్ (హీటర్లు వెలుగుతుండగా ప్లేటు వోల్టేజీని ఆపి ఉంచేది) ఉంటే నిమిషం ఆగి వేయండి, ట్యూబ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే ట్యూబ్) ఉన్న ఆంప్‌కు అదీ అంత అవసరం లేదు. గంటల తరబడి స్టాండ్‌బైలో మాత్రం వదలకండి. తర్వాత గది చీకటి చేసి పది నిమిషాలు పవర్ ట్యూబుల వైపే చూడండి. లోపల దీపంలా నారింజ వెలుగు సహజం. గాజు గోడల మీద నీలం మెరుపూ ఫర్వాలేదు. బూడిద రంగు ప్లేటు మీద ఎర్రటి మచ్చ పుడితే వెంటనే ఆపేయండి. ప్రీఆంప్ ట్యూబులను చెక్క పెన్సిల్‌తో తట్టి చూడండి. మెల్లగా టక్‌మంటే సరే, గంటలా మోగి కూత పెడితే ఆ ట్యూబ్ మార్చాలి.

వాపసుకు కారణమయ్యేవి ఇవీ: పదే పదే ఫ్యూజు పోవడం, ప్లేటు ఎర్రబడటం, కొత్త నాబ్ తిప్పితే బరబరమనడం (చాలాసార్లు ఒక దశ నుంచి ఇంకో దశకు శబ్దాన్ని మాత్రమే పంపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ నుంచి డీసీ కారడమే కారణం), వేడెక్కాక చిటపటలు మొదలవడం, వేరే ఇంట్లో కూడా వాల్యూమ్ సున్నాలో హమ్ రెండు మీటర్ల దూరానికి వినిపించడం. మొదటి కొన్ని గంటలు ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ వాసన మాత్రం వస్తుంది, భయపడకండి. ఫ్యూజు పోతే వెనక రాసిన విలువే, టీ అక్షరం ఉన్న స్లో రకమే వేయాలి. వీధి దుకాణంలో ఇచ్చే మామూలు గాజు ఫ్యూజు ఆన్ చేసేటప్పటి ఉరవడికే పోతుంది, దాన్ని చూసి పెద్ద విలువ వేసినవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ పోగొట్టుకుంటారు.

ఏప్రిల్, మే నెలల్లో ఆంప్ వెనక గోడకు కనీసం ఒక జానెడు ఎడం ఉంచండి. పైన బట్ట కప్పేది పూర్తిగా చల్లారాకే. గది 42 డిగ్రీలున్నప్పుడు చాసిస్ లోపల కెపాసిటర్ల దగ్గర ఇంకా ఎక్కువ, ప్రతి 10 డిగ్రీలకూ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పక్కనుంచి టేబుల్ ఫ్యాను గాలి తగిలితే చాలు.

ఉంచుకోవాలని తేలితే ఆంప్ చేసినవారి దగ్గరే జత కుదిర్చిన ఈఎల్84లు ఒక జత, 12ఏఎక్స్7 ఒకటి, సరైన ఫ్యూజులు ఐదు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి. ఆదివారం పొద్దున ట్యూబ్ పోతే ఊర్లో దొరకదు, బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో రావాలి.