ప్రశ్న: 1968 పాంటియాక్ జీటీవో పాత కారు కొని బాగుచేయించి అమ్మితే లాభమేనా? దానికి 401కే (రిటైర్మెంట్ కి దాచుకునే ఖాతా) లోంచి లోన్ తియ్యమంటారా?

ముందు ఆయన రాసింది క్లుప్తంగా చెప్తాను. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్ లో ఉంటారు, వయసు 39, ఆటో కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని, హెచ్1బీ, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్ నడుస్తోంది, నెల ఖర్చు 6,500 డాలర్లు, బ్యాంకులో 45,000, 401కే లో 1,60,000. ఒక పెద్దాయన బార్న్ (కొట్టం) లో 20 ఏళ్ళుగా కదలని 1968 జీటీవో ఉందట, 18,000 అడుగుతున్నాడు. ఇంకో 25,000 పెడితే రెడీ అవుతుంది, 70,000 కి అమ్మొచ్చు, ఆ 25,000 కి 401కే లోన్ తీద్దామనుకుంటున్నా అని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు, తెనాలిలో నాన్నగారి మెకానిక్ షెడ్డులో పెరిగాను, మా అబ్బాయికి 11 ఏళ్ళు, వాడితో కలిసి చేత్తో ఏదైనా చెయ్యాలని ఉంది అని.

జవాబు:

మీ మెయిల్ రెండు సార్లు చదివానండి. ఆ చివరి మాట లేకపోతే వద్దు అని ఒక్క లైన్ రాసి వదిలేసేవాణ్ణి. అది ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే మీకు కావాల్సింది ఒకటి, మీరు లెక్క వేస్తున్నది ఇంకొకటి అనిపిస్తోంది నాకు.

మొదట మీ 25,000 సంగతి చూద్దాం. 20 ఏళ్ళు మట్టి నేల మీద, మిషిగన్ తేమలో ఉన్న బండి అంటే అసలు ఖర్చు ఇంజన్ ది కాదండి, తుప్పుది. ఫ్లోర్ ప్యాన్లు, ట్రంక్ ఫ్లోర్, వెనక క్వార్టర్ ప్యానెళ్ళు, కింద ఫ్రేమ్, వినైల్ టాప్ ఉంటే దాని కింద రూఫ్, ఇవన్నీ ఊడదీస్తే గానీ ఎంత పోయిందో తెలీదు, షాప్ వాళ్ళు కూడా అందుకే ఫిక్స్‌డ్ రేటు చెప్పరు, గంటల లెక్కన వేస్తారు. ఒక్క బాడీ పని, పెయింట్ కలిపి 400 గంటలు అనుకోండి, గంటకి 110 డాలర్లు వేసుకోండి, అక్కడే 44,000 అయిపోయింది. ఇంకా ఇంజన్ రీబిల్డ్, గేర్ బాక్స్, బ్రేకులు, వైరింగ్, సీట్లు, క్రోమ్ ఏవీ ముట్టుకోలేదు. పైగా టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మార్చుకునేటప్పుడు స్టేట్ కి 6% సేల్స్ ట్యాక్స్, అంటే 1,080. బయట స్టోరేజ్ తీసుకుంటే నెలకి 150 చొప్పున మూడేళ్ళకి 5,400. మీరు చెప్పిన 70,000 నిజంగానే వచ్చినా సరే, లోపలికి వెళ్ళేది దాదాపు అంతే, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు.

మీ చేత్తో చేసుకుంటే లేబర్ మిగులుతుంది కదా అంటారు, నిజమే, మిగులుతుంది. కానీ ట్యాక్స్ లెక్కలో మీ సొంత కష్టం ఖర్చు కింద రాదు, పార్టులు, బయట వాళ్ళకి ఇచ్చిన డబ్బులు మాత్రమే వస్తాయి, అందుకని ప్రతి రసీదు దాచాలి. ఏడాది దాటాక లాభానికి అమ్మితే ఇలాంటి కార్లని కలెక్టిబుల్ కింద చూస్తారు, ఫెడరల్ ట్యాక్స్ 28% దాకా వెళ్ళొచ్చు, మిషిగన్ ది 4.25% వేరే. అదే నష్టానికి అమ్మితే, సొంతానికి వాడుకున్న బండి కాబట్టి ఆ నష్టాన్ని ఎక్కడా చూపించుకోలేరు. లాభం వస్తే గవర్నమెంట్ కి వాటా, నష్టం వస్తే మొత్తం మీదే, ఇది ఇన్వెస్ట్‌మెంట్ ఎలా అవుతుంది చెప్పండి.

ఇక నన్ను నిజంగా భయపెట్టింది 401కే లోన్. ఖాతాలో పూర్తిగా మీ సొంతమైన (వెస్టెడ్) డబ్బులో సగం, లేదా 50,000, ఏది తక్కువైతే అంతవరకు ఇస్తారు, ఐదేళ్ళలో కట్టాలి, మనకి మనమే వడ్డీ కట్టుకుంటాం కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఉద్యోగం పోతే ఏమవుతుందో చూడండి. చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి పడుతుంది, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువు లోపల మీ జేబులోంచి ఆ డబ్బు ఐఆర్ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) లోకో కొత్త 401కే లోకో వెయ్యకపోతే అదంతా ఆదాయం కింద లెక్క, 59న్నర ఏళ్ళు రాలేదు కాబట్టి మామూలుగా దాని మీద 10% పెనాల్టీ కూడా. అదే టైంలో హెచ్1బీ మీద ఇంకో స్పాన్సర్ ని వెతుక్కోడానికి గరిష్ఠంగా 60 రోజులు. మీది ఆటో ఇండస్ట్రీ, అక్కడ లేఆఫ్‌లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ 60 రోజుల్లో ఈ కారు అమ్ముదామంటే ఎవరు కొంటారు? నా క్లయింట్ ఒకాయనకి ఇలాగే జరిగింది. ఆయనది 1970 షెవర్లే షెవెల్ కారు, బాడీ పెయింట్ షాప్ లో, ఇంజన్ మెషీన్ షాప్ లో, మిగతావన్నీ గరాజ్ లో డబ్బాల్లో, పార్టుల మీద పేర్లు కూడా రాయలేదు. ఉద్యోగం పోయింది, డల్లాస్ లో కొత్తది దొరికింది, వెంటనే వెళ్ళాలి. పూర్తిగా ఊడదీసిన బండికి ఎవరూ సరైన రేటు ఇవ్వరండి, ఆయన కొన్న రేటులో మూడో వంతుకి ఇచ్చేశాడు. నన్ను ముందే అడిగాడు, నేను గట్టిగా వద్దనలేదు, అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీకు గట్టిగా చెప్తున్నా, ఆ లోన్ వద్దు.

ఇంకోటి, ఇది అమ్మి లాభం వస్తే మళ్ళీ ఒకటి కొందాం అని రాశారు. సొంత కారు ఒకటి అమ్ముకోడం వేరు, వరసగా కొని బాగుచేసి అమ్మడం బిజినెస్ అవుతుంది, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్ ని అడక్కుండా అటువైపు వెళ్ళకూడదు.

మరి ఏం చెయ్యాలి అంటే, మీ నెల ఖర్చుకి ఎనిమిది నెలలది, అంటే 52,000, పక్కన ఉండాలి, వీసా మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలలు చాలదని నా అభిప్రాయం. ఇప్పుడున్నది 45,000. కాబట్టి ఈ ఏడాది ఏ కారూ కొనలేరు. నెలకి 1,200 పక్కన పెట్టగలను అన్నారు కదా, ఆరు నెలల్లో ఆ 52,000 నిండుతుంది, అక్కడినుంచి వచ్చే ప్రతి డాలరూ కారుదే. మీ మిసెస్ తో కూర్చుని ఈ లెక్క ఇద్దరూ ఒప్పుకుని, కారుకి వేరే సేవింగ్స్ అకౌంట్ పెట్టండి, అందులో ఉన్నంతే దాని బడ్జెట్. రెండేళ్ళు పట్టొచ్చు, అప్పటికి మీ వాడికి 13, పానా గట్టిగా తిప్పే వయసు.

అప్పుడు కూడా బార్న్ బండి వద్దు, నడిచే బండి కొనండి. జీటీవో నే అక్కర్లేదు, అదే 1968 పాంటియాక్ లెమాన్స్ చూడండి, ప్రధానంగా అదే బాడీ, 350 వీ8 తో వచ్చినవి ఉన్నాయి, ముందు జీటీవో కి ఉండే రంగు వేసిన ఎండ్యూరా బంపర్ బదులు క్రోమ్ బంపర్ ఉంటుంది, ఆ మూడు అక్షరాలు లేవు కాబట్టి రేటు బాగా తక్కువ. నడుస్తూ ఉంటుంది, అయినా చెయ్యాల్సిన పని ఎప్పుడూ ఉంటుంది, ఈ ఆదివారం కార్బ్యురేటర్, వచ్చే నెల బ్రేకులు, ఇథనాల్ పెట్రోల్ కి పాత రబ్బరు హోస్‌లు పాడవుతాయి కాబట్టి అవి మార్చడం. మీ నాన్నగారి షెడ్డులో మీరు చూసిన పని ఇదేగా, బండి వచ్చేది, బాగుపడి వెళ్ళేది. మూడేళ్ళు డబ్బాల్లో పడుంటే పిల్లాడికి ఆసక్తి పోతుంది. ఆగస్టు మూడో శనివారం మీ డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల పండగ, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ కి ఇద్దరూ అందులో కూర్చుని వెళ్ళొచ్చు, అది నాకు 70,000 కంటే పెద్దదిగా కనిపిస్తోంది. ఇన్సూరెన్స్ మాత్రం మామూలు పాలసీ కాదు, అగ్రీడ్ వాల్యూ ది తీసుకోండి, ఏదైనా జరిగితే ముందే ఒప్పుకున్న రేటు ఇస్తారు.

ఆ బార్న్ బండిని ఒకసారి చూసొస్తానంటే చూడండి, నేర్చుకోడానికి మంచిదే, కానీ చెక్ బుక్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. డ్రైవర్ వైపు ముందు అద్దంలోంచి డాష్ మీద విన్ (బండి గుర్తింపు నంబర్) ప్లేట్ కనపడుతుంది, 1968 జీటీవో అయితే 242 తో మొదలవ్వాలి, 237 అయితే అది లెమాన్స్, బ్యాడ్జీలు ఎవరైనా అతికించొచ్చు. ఆ నంబర్ పీహెచ్ఎస్ (పాంటియాక్ పాత రికార్డులు ఇచ్చే సంస్థ) కి పంపితే ఫ్యాక్టరీ ఇన్వాయిస్ కాపీ వస్తుంది, బండి ఏ ఆప్షన్లతో పుట్టిందో అందులో ఉంటుంది. చిన్న అయస్కాంతం ఒకటి పట్టుకెళ్ళి వెనక చక్రాల పైన, తలుపుల కింద ఆనించి చూడండి, అంటుకోని చోట లప్పం ఉందని అర్థం. మీ వాణ్ణి కూడా తీసుకెళ్ళి ఆ అయస్కాంతం వాడి చేతికే ఇవ్వండి.