ఇంటి చార్జింగ్ వేగానికి అదనంగా చెల్లించాలా?

ప్రశ్న: మాకు గుంటూరులో సొంత ఇల్లు ఉంది. ఉద్యోగం విజయవాడలో కావడంతో రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్ల ప్రయాణం. దాదాపు 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నాము. ఇంటి దగ్గర 3.3 కిలోవాట్లతో చార్జయ్యే రకానికీ, 7.2 కిలోవాట్లతో చార్జయ్యే రకానికీ 50 వేల రూపాయల తేడా ఉంది. ఆ డబ్బు పెట్టవచ్చా? వేగంగా చార్జ్ చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుందనే మాట నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ప్రయాణానికి 3.3 కిలోవాట్లు సరిపోతాయి. ఈ పరిమాణంలోని కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది కనుక, చార్జింగ్‌లో వృథా అయ్యే విద్యుత్తును కలుపుకున్నా మీ రోజువారీ ఖర్చు దాదాపు పదమూడు యూనిట్లకు మించదు. రాత్రి 9 గంటలకు ప్లగ్గు పెడితే ఒంటిగంటలోపే ఆ లోటు పూడుతుంది. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి ఒక పద్ధతిలో పదమూడు గంటలు, మరో పద్ధతిలో ఆరు గంటలు పడుతుందని చూపే పోలిక తప్పు కాదు గాని, రోజూ ఇంటికి చేరే కారు అంత ఖాళీగా రావడం అరుదు.

ఆ 50 వేలు దేనికి చెల్లిస్తున్నామో తెలుసుకోవడం ముఖ్యం. ఇంటి నుంచి వచ్చే ఏసీ విద్యుత్తును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే పరికరం కారులోనే ఉంటుంది. వేగాన్ని నిర్ణయించేది అదే. గోడకు బిగించే పెట్టె విద్యుత్తును సురక్షితంగా అందించే మార్గం మాత్రమే కనుక, 3.3 కిలోవాట్ల కారుకు ఎంత పెద్ద పెట్టె బిగించినా వేగం పెరగదు. జాతీయ రహదారి పక్కన ఉండే డీసీ చార్జర్లు కారులోని ఈ పరికరంతో పని లేకుండా నేరుగా బ్యాటరీకే విద్యుత్తు ఇస్తాయి. అంటే మీరు హైదరాబాద్ వెళ్లేటప్పుడు దారిలో ఆ 50 వేల వల్ల ఒక్క నిమిషం కూడా కలిసిరాదు.

బ్యాటరీ గురించిన భయం అక్కర్లేదు. 40 యూనిట్ల బ్యాటరీకి 7.2 కిలోవాట్లు అంటే గంటకు దాని సామర్థ్యంలో అయిదో వంతు కూడా కాదు. ఆలోచించవలసింది తరచూ 50 కిలోవాట్లు, ఆపైన డీసీ చార్జింగ్ చేసేవారు.

అయితే కారులోని ఈ పరికరాన్ని తరువాత మార్పించుకోవడం దాదాపు కుదరని పని. కాబట్టి త్వరలో ఇంటికి రెండో ఎలక్ట్రిక్ కారు వచ్చే అవకాశం ఉన్నా, కారును అద్దెకు తిప్పే ఉద్దేశం ఉన్నా, మీ ప్రాంతంలో రాత్రిళ్లు కరెంటు తరచూ పోతున్నా ఇప్పుడే 7.2 తీసుకోవడం మంచిది. అప్పుడు 32 ఆంపియర్లు లాగుతుంది కనుక, మంజూరైన లోడు చాలకపోతే మీ విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు చేయాలి. నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కూడా ఆ మేరకు పెరుగుతుంది.

మీరు ఏ రకం కొన్నా, వైరింగ్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. గీజరుకు వాడుతున్న పాత 15 ఆంపియర్ల సాకెట్‌కే కారును తగిలిస్తే, గీజరులా పావుగంటలో ఆగిపోకుండా గంటల తరబడి ఒకే తీరున కరెంటు లాగుతుంది. వదులుగా ఉన్న స్క్రూ దగ్గర వేడి పుట్టి, సాకెట్ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ ముందు పసుపుబారి, తరువాత గోధుమరంగులోకి మారుతుంది. మీటరు నుంచి కారు దాకా విడిగా రాగి తీగ లాగించండి: 3.3కు 4 చదరపు మిల్లీమీటర్లు, 7.2కు 6 చదరపు మిల్లీమీటర్లు, దూరం ఎక్కువైతే ఇంకా మందం. దానికి ప్రత్యేకంగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు అసలు చార్జింగే మొదలుపెట్టవు. మొదటి రోజు గంట గడిచాక ప్లగ్గు మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి నిలవకపోతే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: మా కారు 11 కిలోవాట్ల ఏసీ చార్జింగ్ తీసుకుంటుంది. మా అపార్ట్‌మెంటులో అందరికీ కలిపి అలాంటి చార్జర్ ఒకటి పెట్టించవచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా. వేగానికి నిజమైన విలువ ఇలాంటి చోటే ఉంటుంది; ఒక కారు త్వరగా నిండితే మరొకరికి చోటు దొరుకుతుంది. 11 కిలోవాట్లకు త్రీఫేజ్ కనెక్షన్, ఫేజుకు 16 ఆంపియర్ల చొప్పున కావాలి. అయితే మీ పొరుగువారి కార్లు 7.2 వరకే తీసుకునేవైతే, అవి ఆ చార్జర్ దగ్గర ఒక్క ఫేజు నుంచే, అంటే సుమారు 3.7 కిలోవాట్లే తీసుకోగలవు. అందుచేత ఒక్క పెద్ద చార్జర్ కంటే 7.2 కిలోవాట్లవి రెండు పెట్టించమని మీ అసోసియేషన్‌కు సూచించండి.