వేడినీళ్ల ట్యాంకు సొంతంగా కట్టుకోవచ్చా?

తమ్ముడూ,

కట్టెల బాయిలర్ ఉన్న ఇల్లు కొన్నానని, బేస్‌మెంట్‌లో చెక్క ఫ్రేము కట్టి, లోపల నీళ్లు కారకుండా రబ్బరు లైనర్ (పొర) వేసి, బాయిలర్ వేడిని దాచుకునే వేడినీళ్ల ట్యాంకు నువ్వే చేసుకుంటానని రాశావు. నిక్షేపంగా చేసుకోవచ్చు. నేనూ కట్టుకున్నాను, ఇప్పటికీ మా ఇల్లు దాని మీదే వెచ్చగా ఉంటోంది. చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లందరూ ముందు అడిగేది "ఎన్ని లీటర్లు కట్టాలి?" అనే. నువ్వూ అదే అడిగావు. పెద్ద ట్యాంకు కడితే డబ్బు మిగిలిపోతుందని అందరికీ ఓ నమ్మకం. నన్నడిగితే డబ్బు పోయేదీ మిగిలేదీ మూత దగ్గరే.

నేను కట్టే రోజుల్లో ఇంటి లోన్ మెడ మీద ఉంది. ప్రతి షీటుకీ లెక్క చూసుకునేవాణ్ని. పక్కలకు మందంగా ఇన్సులేషన్ పెట్టి, అడుగున పలచగా పరిచి, పైన ప్లైవుడ్ మూత వేసి ఊరుకున్నాను. రాత్రి నీళ్లను 80 డిగ్రీలకు తెచ్చి పడుకుంటే, తెల్లారేసరికి ఇల్లు వాడుకున్న దానికంటే చాలా ఎక్కువ వేడి తగ్గిపోయేది. నీటి మట్టం కూడా దిగేది. లీకేమోనని లైనర్ అంతా వెతికాను, ఎక్కడా చుక్క కారడం లేదు. చివరికి పైన దూలాలకు తడి పట్టి బూజు రావడం చూశాక అర్థమైంది. మూత అంచుల్లోంచి నీళ్లు ఆవిరైపోతున్నాయి. పది లీటర్లు ఆవిరైతే ఆరు యూనిట్లకు (కరెంటు బిల్లులో చూసే కిలోవాట్-అవర్లే) పైగా వేడి దాంతోపాటే పోతుంది. ఆ శీతాకాలమంతా కట్టెలకు పెట్టిన డబ్బులో ఎంతో భాగం దూలాలు తడపడానికే ఖర్చయింది. ఆ బాధ ఇంకా పోలేదు నాకు.

వేడినీరు తేలిక కాబట్టి పైకి చేరుతుంది. అంటే ట్యాంకులో అన్నిటికంటే వేడి నీళ్లు మూతకు ఆనుకునే ఉంటాయి. అందుకే మూత కింద ఆవిరి దూరని షీటు వేసి, అంచు చుట్టూ రబ్బరు పట్టీ పెట్టి బిగించు. దాని మీద ఇన్సులేషన్ పక్కల కంటే మందంగా ఉండాలి. తెల్ల థర్మాకోల్ చవకే కానీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, వేడి తట్టుకునే ఫోమ్ షీట్లే కొను. గాలి ఆడే సన్నటి గొట్టం ఒకటి వదులు, ట్యాంకులో ఒత్తిడి పెరగకూడదు. నీళ్లు 10 నుంచి 80 డిగ్రీలకు వెళ్తే దాదాపు మూడు శాతం పొంగుతాయి కాబట్టి పైన ఖాళీ కూడా ఉండాలి.

మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకు చుట్టూ 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉంటే, లోపల 80, బయట 20 డిగ్రీలున్నప్పుడు రోజుకు సుమారు ఆరు యూనిట్లు పోతాయి. 20 సెంటీమీటర్లు పెడితే ఒకటిన్నరే. పోయిన వేడి బేస్‌మెంట్‌నే వెచ్చబరుస్తుంది కదా అంటావు. నువ్వు కూర్చునేది బేస్‌మెంట్‌లో కాదు కదా!

ఇక సైజు. 1000 లీటర్లను 80 నుంచి 40 డిగ్రీల దాకా వాడుకోగలిగితే 46 యూనిట్లు చేతికొస్తాయి. నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు తిప్పే ఫ్లోర్ హీటింగ్‌కు 40 డిగ్రీలు చాలు. గదుల్ని వెచ్చబరిచే మీ రేడియేటర్లకు 60 డిగ్రీలు తప్పనిసరైతే అందులో సగమే దక్కుతుంది. అప్పుడు ట్యాంకు పెంచడం కంటే రేడియేటర్లు పెద్దవి వేయించుకోవడం చవకగా తేలవచ్చు.

చెక్క పనిలో మాత్రం పిసినారితనం వద్దు. నీళ్లు 1.2 మీటర్ల లోతుంటే, అంతే వెడల్పున్న ఒక్కో గోడ మీద 860 కిలోల దాకా తోపుడు పడుతుంది. మూలలు మేకులతో నిలవవు, బోల్టులు, ఇనుప పట్టీలు వెయ్యి. ట్యాంకు నీళ్లను నేరుగా బాయిలర్‌లోకి పంపకు, వాటిలో కరిగిన ఆక్సిజన్ ఉక్కును తినేస్తుంది. ట్యాంకులో ముంచిన రాగి గొట్టాల చుట్టల గుండా వేడి ఇచ్చిపుచ్చుకోవాలి. ట్యాంకు నీళ్లు కుళాయిలోకీ రాకూడదు. బాయిలర్ వైపు మూసిన లైను, వేడికి పొంగే నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్, సేఫ్టీ వాల్వ్ లైసెన్స్ ఉన్న ప్లంబర్‌కే వదిలెయ్, అక్కడ డబ్బు చూసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పర్మిట్, ఇన్సూరెన్స్ సంగతులు మీ స్థానిక ఆఫీసులో కనుక్కో.

లైనర్ కొనకముందే ఒక పని చెయ్యి. బాగా చలిగా ఉన్న రోజున రేడియేటర్లోకి వెళ్లే నీటి వేడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ఎన్ని డిగ్రీల దాకా ఇల్లు వెచ్చగా ఉంటోందో రాసి పంపు. ఎన్ని లీటర్లో అప్పుడు చెప్తాను.