సాయం గురించి రాసే ఉద్యోగాలు: లండన్ లోన్ తీసుకునే ముందు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ మాస్ కమ్యూనికేషన్ చివరి ఏడాది చదువుతోంది. యూనిసెఫ్ లాంటి సంస్థల్లో కమ్యూనికేషన్స్ ఉద్యోగం చేయాలని, అందుకు లండన్‌లో మీడియా, డెవలప్‌మెంట్ మాస్టర్స్ చదవాలని పట్టుబడుతోంది. ఇల్లు తనఖా పెడితే తప్ప లోన్ రాదు. ఈ రంగంలో అసలు ఉద్యోగాలున్నాయా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉద్యోగాలున్నాయండీ. కానీ ఇల్లు తనఖా పెట్టి ఈ ఏడాదే పంపడం మాత్రం వద్దు. ముందు రెండేళ్లు ఇక్కడే పని చేయనివ్వండి. మీ అమ్మాయి ఆసక్తి మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. ఈ రంగంలోకి వచ్చే డబ్బు పరిస్థితి చూసి చెబుతున్నది.

2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపేసింది. జూలై 1 నాటికి, ఆ సాయాన్ని పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో మిగిలినవి విదేశాంగ శాఖ కిందికి వెళ్లిపోయాయి. బ్రిటన్ జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న తన సాయాన్ని 2027కల్లా 0.3 శాతానికి దించుతానని ప్రకటించింది. డబ్బు తగ్గితే సంస్థలు టీకాలు వేసే నర్సు కంటే ముందు కమ్యూనికేషన్స్ పోస్టునే తీసేస్తాయి. అలా రోడ్డున పడ్డ అనుభవజ్ఞులతో మీ అమ్మాయి అక్కడ పోటీ పడాలి. పైగా చదువయ్యాక పని వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లకు బదులు 18 నెలలే. ఫీజు, తిండి, అద్దె కలిపి 40 లక్షలు దాటే చదువుకు ఈ గడువు చాలదు.

మన దగ్గర పరిస్థితి వేరు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ విరాళాల్లోంచి పెట్టుకోగల పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. దాంతో చిన్న సంస్థలకు ఊపిరాడలేదు. ఇంకోవైపు, కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ బాధ్యత సగటున ఏటా 10 కోట్లు, ఆపైన ఉండే కంపెనీలు, కోటి లేదా ఆపైన ఖర్చయిన ప్రాజెక్టుల ఫలితాన్ని బయటివాళ్లతో మదింపు చేయించాలి. ఆ నివేదికను మనుషులు చదివేలా రాయగలవాళ్లు తక్కువ. తెలుగు, ఇంగ్లిషు రెండూ బాగా రాయగలిగితే మొదటి ఉద్యోగం ఇక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

ఇక పని సంగతి. బయటికి అంతా ఒకటే అనిపిస్తుంది గానీ ఇందులో మూడు రకాలున్నాయి. సంస్థ లోపల ఉండి దాతల కోసం రాయడం ఒకటి. బయట ఉండి ఆ సంస్థలనే ప్రశ్నించే జర్నలిజం ఇంకొకటి. పరిశోధన ఫలితాలను అధికారులకు, జనానికి అర్థమయ్యేలా చెప్పడం మూడోది. మొదటి రెండూ ఒకే మనిషి ఒకేసారి చేస్తే ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుంది. మూడోదాంట్లో పోటీ తక్కువ, కష్టం ఎక్కువ. దాని గురించే కొంచెం వివరంగా చెబుతాను.

హైదరాబాద్ సూక్ష్మరుణాల అధ్యయనాన్నే చూడండి. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు నగరంలోని 104 బస్తీల్లో 52 బస్తీలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. అక్కడ సూక్ష్మరుణాలిచ్చే స్పందన సంస్థ శాఖలు తెరిచింది. 2015లో అచ్చయిన ఫలితాల ప్రకారం వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది. కుటుంబాల సగటు ఖర్చులోగానీ, పిల్లల చదువులోగానీ, ఆడవాళ్ల మాట చెల్లుబాటులోగానీ చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. 2006లో బంగ్లాదేశ్‌లో పేదలకు సూక్ష్మరుణాలిచ్చిన యూనస్‌కు, ఆయన గ్రామీణ్ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు పేదరికానికి మందు దొరికిందన్న ధోరణిలో వార్తలు వచ్చాయి. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చేసరికి సూక్ష్మరుణమంటే ఉరితాడే అన్నట్టు రాశారు. అధ్యయనం చెప్పింది ఈ రెండూ కాదు.

ఇంకో మెలిక ఉంది. శాఖ తెరిచిన బస్తీల్లో సూక్ష్మరుణం తీసుకున్న కుటుంబాలు సుమారు 27 శాతం, తెరవని బస్తీల్లో 18 శాతం. అంటే ప్రతి వంద ఇళ్లలో అదనంగా అప్పు తీసుకున్నవి ఎనిమిదో తొమ్మిదో. కొలిచింది మాత్రం బస్తీ మొత్తం సగటును. కాబట్టి సూక్ష్మరుణాలు దండగ అని శీర్షిక పెడితే తప్పు. రుణాలు అందుబాటులోకి వచ్చినా బస్తీ సగటు బతుకు పెద్దగా మారలేదు అంటే సరి. ఈ తేడా పట్టుకుని రెండు పేజీల్లో రాయగలిగితే ఏ పరిశోధన సంస్థ అయినా ఇంటర్వ్యూకి పిలుస్తుంది.

మొదటి రకం పనిలో, అంటే దాతల కోసం రాయడంలో, ఎక్కువ పొరపాట్లు ఫొటోల దగ్గరే. 1984 అక్టోబరులో బీబీసీ చూపించిన ఇథియోపియా కరువు దృశ్యాలు కోట్ల పౌండ్ల విరాళాలు తెచ్చాయి. ఆ కరువు వెనకున్న అంతర్యుద్ధం, సైనిక ప్రభుత్వ విధానాలు మాత్రం చాలామంది ప్రేక్షకుల దాకా చేరలేదు. ఆ తర్వాత వచ్చిన విమర్శలతో యూరప్ స్వచ్ఛంద సంస్థలు 1989లో ఫొటోలకు, సందేశాలకు నియమావళి రాసుకున్నాయి. ఈరోజు ఏ మంచి సంస్థైనా మీ అమ్మాయి నుంచి ఇవి ఆశిస్తుంది: ఎదుటి మనిషి భాషలో సమ్మతి పత్రం, ఫొటో ఎక్కడ వాడతారో ఎంతకాలం వాడతారో అందులో ఉండాలి, వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో ఉండాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి రికార్డు చేయాలి. పిల్లలైతే పెద్దల సంతకంతో పాటు వాళ్లనూ అడగాలి. లైంగిక దాడి బాధితుల విషయంలో పేరు మార్చి ఊరి పేరు ఉంచేయడం మామూలుగా జరిగే తప్పు. చిన్న ఊళ్లో అది చాలు గుర్తుపట్టడానికి. చట్టరీత్యా నేరం కూడా.

రెండో పొరపాటు, చేసిన పనిని వచ్చిన ఫలితంగా చూపడం. 500 మందికి కుట్టుపని నేర్పాం అనేది పని. వాళ్లలో ఎంతమంది ఏడాది తర్వాత కూడా దాని మీద సంపాదిస్తున్నారన్నది ఫలితం. అంకెల్లోనూ జాగ్రత్త కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2015–16, 2019–21 మధ్య 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 53.1 శాతం నుంచి 57.0 శాతానికి పెరిగింది. దీన్ని 3.9 శాతం పెరిగింది అని రాస్తే తప్పు (53.1 మీద 3.9 అంటే 7 శాతం పైమాటే), 3.9 శాతం పాయింట్లు అనాలి.

ఈ ఆరు నెలల్లో మీ అమ్మాయి నాలుగు నమూనాలు తయారు చేసుకోవాలి: ఒక అధ్యయనం మీద రెండు పేజీల సారాంశం, అదే విషయం తెలుగు పత్రికకు పంపేలా 600 మాటల వ్యాసం, మీ జిల్లా ఆరోగ్య సర్వే అంకెలతో ఒక పేజీ బొమ్మల వివరణ, సమ్మతి పత్రాలతో సహా ఐదు ఫొటోల కథ. సర్టిఫికెట్ల కంటే వీటినే ముందు చూస్తారు.

ఎంఏ ఇక్కడే చేయాలనుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, డెవలప్‌మెంట్ కమ్యూనికేషన్ కోర్సు ఉన్న ఢిల్లీ జామియా మిలియా, ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) చూడండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న యునెస్కో పీఠం కమ్యూనిటీ మీడియా మీద, అంటే స్థానికులే నడుపుకునే మీడియా మీద పని చేస్తుంది. దగ్గర్లోనే జహీరాబాద్ ప్రాంతంలో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో ఉంది. ఇంటర్న్‌షిప్ అడగడానికి అలాంటి చోటు మంచిది.

ఉద్యోగాలకు రిలీఫ్‌వెబ్, డెవ్‌నెట్‌జాబ్స్ ఇండియా వెబ్‌సైట్లు చూడమనండి. యూనిసెఫ్‌కు హైదరాబాద్‌లో క్షేత్ర కార్యాలయం ఉంది, కానీ డిగ్రీ అవగానే నేరుగా అధికారి పోస్టు రాదు. 18–26 ఏళ్లవాళ్లకు ఐక్యరాజ్యసమితి జాతీయ యువ వలంటీర్ పోస్టులుంటాయి, భత్యం ఇస్తారు. అక్కడ మొదలుపెట్టడం మేలు. చిన్న సంస్థల్లో మొదటి జీతం నెలకు 20–35 వేల మధ్య అనుకోండి.

లండన్ కల వదులుకోనక్కర్లేదు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఫీజు, ఖర్చులు, విమాన టికెట్ అన్నీ భరిస్తుంది. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు. దరఖాస్తుకు 2,800 గంటల పని అనుభవం కావాలి, వారానికి 40 గంటల చొప్పున 70 వారాలు. జీతం లేని ఇంటర్న్‌షిప్, వలంటీర్ పని గంటలూ లెక్కలోకి వస్తాయి. కాబట్టి చేసిన ప్రతిచోటా తేదీలు, వారానికి గంటలు రాయించిన ఉత్తరం తీసుకుని దాచుకోమనండి. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి.