బండికీ కొండకీ ఒకే జీపీఎస్: అల్లుడికి ఉత్తరం

శ్రీకాకుళం

అల్లుడూ,

విజయనగరం నుంచి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. బుల్లెట్ మీద సాలూరు ఘాట్ ఎక్కి ఒడిశాలోని దేవమాలి కొండ దాకా పోవాలి, చలికాలంలో మహేంద్రగిరి ఎక్కాలి, రెండింటికీ పనికొచ్చే జీపీఎస్ ఏదో చెప్పు మామయ్యా అన్నావు. దానికి తోడు పద్నాలుగు లింకులు. అవన్నీ చదివే ఓపిక నాకు లేదు గానీ, ముప్పై ఏళ్లు సర్వే గొలుసు లాగినవాణ్ని, నాకు తెలిసింది చెప్తాను.

ముందు నీ ఫోన్ సంగతి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. పనిచేస్తుంది. రానిది మ్యాప్ మాత్రమే. ఓస్మాండ్ లాంటి యాప్‌లో ఆంధ్ర, ఒడిశా మ్యాపులు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే కొండ మీద కూడా నువ్వెక్కడున్నావో చూపిస్తుంది. కాకపోతే దాన్ని హ్యాండిల్‌కి బిగించకు. నేను బిగించాను. సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లి వచ్చేసరికి ఏ ఫొటో తీసినా నీళ్లలోంచి తీసినట్టు వచ్చేది. పెద్ద బైకుల ఇంజిన్ అదురుకి కెమెరా లోపలి భాగం దెబ్బతింటుందని ఆపిల్ వాళ్లు 2021లోనే హెచ్చరించారట. నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకో, దారి చెప్పే గొంతు హెల్మెట్‌లో వినిపిస్తే చాలు.

ఇక పరికరాలు. గార్మిన్ కంపెనీ జూమో ఎక్స్‌టీ లాంటివి బండి కోసమే చేసినవి. 5.5 అంగుళాల తెర, ఎండలో కూడా బాగా కనిపిస్తుంది. కానీ బండి నుంచి ఊడదీస్తే బ్యాటరీ మహా అయితే ఆరు గంటలు, వెలుగు పూర్తిగా పెడితే మూడున్నరే. కొండెక్కి దిగే రోజుకి అది ఏ మూలకి? అదే కంపెనీ మోంటానా 700 రెండింటికీ సరిపోతుంది, 18 గంటలు వస్తుంది, కానీ దాదాపు నాలుగొందల గ్రాముల బరువు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. నన్నడిగితే బటన్లున్న చేతి జీపీఎస్ కొనుక్కో, జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ తరహాది. తెర 2.6 అంగుళాలే, చిన్నదని గొణుక్కుంటావు. గొణుక్కో. రోడ్డు మీద దారి తప్పితే ఓ లీటరు పెట్రోలు పోతుంది, టీ కొట్టు దగ్గర ఆగి అడగొచ్చు. కొండ మీద పొగమంచులో అడగడానికి ఎవరూ ఉండరు. అందుకని కొండకి సరిపోయేదాన్ని కొని బండికి సర్దుకో.

బటన్లు ఎందుకంటే, వానచుక్క పడితే టచ్ తెర దానంతటదే నొక్కుకుంటుంది. బటన్‌కి ఆ గోల లేదు, గ్లవ్స్‌తో కూడా నొక్కొచ్చు. పైగా ఇందులో రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే 16 గంటలు నడుస్తుంది, అయిపోతే మార్చుకోవచ్చు. గోడ గడియారానికి వేసే చవక సెల్స్ మాత్రం వేయకు, ఇట్టే దిగిపోతాయి. ఆల్కలైన్‌వి గానీ, చార్జింగ్‌వి గానీ వేసి, ఏవి వేశావో సెట్టింగుల్లో చెప్పు. లేదంటే బ్యాటరీ గుర్తు అబద్ధం చెప్తుంది.

వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లే ట్రాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. నేను మహేంద్రగిరికి మందస వైపు నుంచి ఎక్కినప్పుడు నడిచే దారి రికార్డింగ్ ఆన్ చేయడం మర్చిపోయాను. గంట నడిచాక గుర్తొచ్చి నొక్కాను. పైన భీముడి గుడి చూసుకుని దిగుతుంటే మంచు కమ్మేసింది. తెర మీద గీత పట్టుకుని బాగానే దిగాం. సరిగ్గా నేను బటన్ నొక్కిన చోటికి వచ్చేసరికి గీత ఆగిపోయింది. ముందు జీడితోటల్లో మూడు కాలిబాటలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. కింద ఎవరో గొర్రెల్ని అదిలిస్తున్న కేక వినిపిస్తే అటు దిగాం. బండి స్టాండ్ వేయగానే రికార్డింగ్ ఆన్ చెయ్యి, నీళ్లసీసా తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లాల్సిన చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు కొట్టేటప్పుడు కూడా ఒళ్లు దగ్గర పెట్టుకో. మన శ్రీకాకుళం 18.30 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అంటే 18 డిగ్రీల 18 నిమిషాలు. దాన్ని 18 డిగ్రీల 30 నిమిషాలని కొట్టావంటే 22 కిలోమీటర్లు ఉత్తరంగా పోతావు. సర్వేలో కొత్తగా చేరిన కుర్రాళ్లందరూ ఒక్కసారైనా చేసే తప్పే ఇది.

నువ్వు పంపిన లింకుల్లో రెండు మోడళ్ల పేర్ల చివర ‘ఐ’ అక్షరం ఉంది, 700ఐ లాగ. అవి శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపుతాయి. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి వాడటం నేరం. అమెరికా నుంచి వచ్చే స్నేహితుడి చేత తెప్పిస్తానన్నావు చూడు, అది మానుకో. ఎయిర్‌పోర్టులో వాడికి టెన్షన్, నీకు నష్టం.

కొన్నాక బండి బ్యాటరీ నుంచి జీపీఎస్‌కి తీగ లాగేటప్పుడు మధ్యలో ఫ్యూజ్ పెట్టమని మెకానిక్‌కి చెప్పు, దాన్ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లిప్పుకి తాడు కూడా కట్టు. నేరుగా దేవమాలి పోకు. 1,672 మీటర్ల ఎత్తున కూర్చుని మెనూలు వెతుక్కోవడం బాగోదు. ఆదివారం ఇటు రా, శాలిహుండం కొండ ఎక్కి దిగుదాం. పైకి నేను నడిపిస్తాను, కిందికి నువ్వు ఆ పెట్టెని మాత్రమే చూసి నన్ను బండి దగ్గరికి తీసుకురావాలి. సెల్స్ కొనకు, నా దగ్గర చార్జింగ్‌వి నాలుగున్నాయి.

మీ మామయ్య