ప్రాజెక్ట్ ఫైళ్లు లేని వెబ్ అప్లికేషన్ మీ చేతికొస్తే

ప్రశ్న: మేడమ్, ఒక ప్రైవేటు కాలేజీలో సిస్టమ్స్ చూసే ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఫీజులు, హాజరు అన్నీ పాత ఏఎస్‌పీ డాట్ నెట్ (మైక్రోసాఫ్ట్ వెబ్ టెక్నాలజీ) అప్లికేషన్ మీదే నడుస్తున్నాయి. రాసినాయన మానేసి వెళ్లిపోయారు. సర్వర్‌లో ఫోల్డర్ ఉంది కానీ కోడ్‌ను తెరిచి మార్చడానికి కావలసిన సొల్యూషన్ ఫైల్, ప్రాజెక్ట్ ఫైల్ లేవు. ఫీజు రసీదులో ఒక్క లైను మార్చాలి. ఎలా తెరవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇదే కష్టం చెబుతూ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఊరు, సంస్థ మారతాయి. రాసినవాళ్లు వెళ్లిపోవడం, ఒక ఫోల్డర్ మిగలడం మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది.

లైవ్ సర్వర్‌లో ఏదీ ముట్టుకోకండి. ఫోల్డర్ మొత్తం, డేటాబేస్ బ్యాకప్, ఐఐఎస్ (వెబ్ పేజీలు అందించే విండోస్ సర్వర్ ప్రోగ్రామ్) సెట్టింగులు కాపీ చేసుకుని మీ మెషీన్‌లో పని మొదలుపెట్టండి.

ఇప్పుడు ఏదైనా ఒక ఏఎస్‌పీఎక్స్ పేజీని (పేజీ డిజైన్ ఉండే ఫైల్‌ని) నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి లైను చూడండి. అందులో 'కోడ్‌ఫైల్' అని ఉండి, పక్కనే సీఎస్ ఫైళ్లు, అంటే అసలు కోడ్ ఉండే ఫైళ్లు, కనిపిస్తే మీవి ఏవీ పోలేదు. కోడ్ రాసే ప్రోగ్రామ్ విజువల్ స్టూడియో 2005తో వచ్చిన 'వెబ్ సైట్' పద్ధతిలో ప్రాజెక్ట్ ఫైల్ అనేదే ఉండదు, ఫోల్డరే ప్రాజెక్ట్. ఫైల్ మెనూలో ఓపెన్, ఆ తర్వాత వెబ్ సైట్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు. అసలు పుట్టని ఫైల్ కోసం వారాల తరబడి పాత హార్డ్ డిస్కులు వెతికినవాళ్లు నాకు తెలుసు.

'కోడ్‌బిహైండ్' అని ఉండి సీఎస్ ఫైళ్లు లేకపోతే పని పెద్దది. కోడ్ అంతా బిన్ ఫోల్డర్‌లోని డీఎల్ఎల్‌లో, అంటే మెషీన్ కోసం మార్చేసిన ఫైల్‌లో, ఉంది. దాన్ని ఐఎల్‌స్పై అనే ఉచిత డీకంపైలర్‌తో (అలాంటి ఫైల్‌ని తిరిగి చదవగలిగే కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్‌తో) తెరిచి ప్రాజెక్ట్‌గా సేవ్ చేస్తే సీఎస్ ఫైళ్లతో పాటు ఒక ప్రాజెక్ట్ ఫైల్ కూడా వస్తుంది. రాసినాయన పెట్టుకున్న కామెంట్లు తిరిగి రావు. డీబగ్గింగ్ సమాచారం ఉండే పీడీబీ ఫైల్ కూడా సర్వర్‌లో ఉంటే లోకల్ వేరియబుల్స్ పేర్లు దక్కుతాయి, కాబట్టి దాన్ని తప్పక కాపీ చేసుకోండి. ఏఎస్‌పీఎక్స్ ఫైల్‌లో పేజీకి బదులు, ఇది ప్రీకంపైలేషన్ (పేజీలను ముందే డీఎల్ఎల్‌గా మార్చడం) కోసం పెట్టిన గుర్తు ఫైల్ అని చెప్పే ఒక్క ఇంగ్లీషు వాక్యమే ఉంటే, పేజీ డిజైన్ కూడా డీఎల్ఎల్‌లోకే వెళ్లిపోయిందని అర్థం. అప్పుడు ఆ పేజీలను చేత్తో తిరిగి రాసుకోవాలి.

డీకంపైలర్ ఇచ్చిన ప్రాజెక్ట్ ఫైల్‌ని నేను నేరుగా వాడను. పాత పేరుతోనే ఖాళీ వెబ్ అప్లికేషన్ ప్రాజెక్ట్ ఒకటి కొత్తగా తెరుస్తాను. అసెంబ్లీ పేరు (డీఎల్ఎల్ పేరు), నేమ్‌స్పేస్ (కోడ్ గుంపు పేరు) అక్షరం తేడా లేకుండా పాతవే ఉండాలి, లేకపోతే పేజీలు తమ కోడ్‌ను కనుక్కోలేవు. ఫైళ్లన్నీ అందులో చేర్చాక 'కన్వర్ట్ టు వెబ్ అప్లికేషన్' నొక్కితే, పేజీలోని బటన్లు, పెట్టెలను కోడ్‌కు కలిపే డిజైనర్ ఫైళ్లు పోయినవి మళ్లీ తయారవుతాయి. లైబ్రరీల (ఇతరులు రాసిన రెడీమేడ్ కోడ్) విషయంలో చాలామంది తొందరపడతారు. కొత్త వెర్షన్ కనిపించిందని అప్‌డేట్ చేయకండి. బిన్‌లో ఉన్న డీఎల్ఎల్ ప్రాపర్టీస్‌లో ప్రోడక్ట్ వెర్షన్ చూసి, సరిగ్గా అదే తెచ్చుకోండి. మరమ్మతు, అప్‌గ్రేడ్ ఒకే రోజు చేస్తే ఏది దేనివల్ల చెడిందో తేలదు.

బిల్డ్ అయిందని సంతోషించే ముందు కొత్త డీఎల్ఎల్‌నీ, సర్వర్‌లోని పాతదాన్నీ రెండింటినీ డీకంపైల్ చేసి పక్కపక్కన పోల్చండి. ఎవరి దగ్గరో పాత సోర్స్ జిప్ దొరికినా ఈ పరీక్ష తప్పదు. ఆ జిప్ తర్వాత సర్వర్‌లో ఎన్ని మార్పులు జరిగాయో మీకు తెలియదు. రెండూ కలిశాకే రసీదు లైను మార్చండి.

మీరు అడగనిది ఒకటుంది, నాకు భయం వేసేది దాని గురించే. అప్లికేషన్ సెట్టింగులు ఉండే వెబ్ డాట్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూశారా? ఇలాంటి అప్లికేషన్లలో డేటాబేస్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో కనిపిస్తుంది, అదీ చాలాసార్లు సర్వాధికారాలున్న 'ఎస్ఏ' ఖాతాది. ఎస్ఎంఎస్ కీ, పేమెంట్ కీ అక్కడే ఉంటాయి. ఈ ఫైల్‌ని యథాతథంగా గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే చోట) పెట్టకండి. ఎర్రర్ అర్థం కాలేదని చాట్‌బాట్‌లో పేస్ట్ చేయకండి. డీఎల్ఎల్‌ని ఊరూపేరూ లేని ఆన్‌లైన్ డీకంపైలర్ సైట్లకు ఎక్కించకండి. అసలు కాన్ఫిగ్‌ని ఐఐఎస్ బయటివాళ్లకు చూపించదు, నిజమే. కానీ బ్యాకప్ కోసమని అదే ఫోల్డర్‌లో వదిలిన జిప్‌నీ, చివర టీఎక్స్‌టీ తగిలించిన కాన్ఫిగ్ కాపీనీ అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తుంది.

అదే ఫైల్‌లో 'మెషీన్‌కీ' అనే లైను ఉందేమో చూడండి. పేజీతో పాటు బ్రౌజర్‌కి వెళ్లి తిరిగొచ్చే వ్యూస్టేట్ (పేజీ స్థితిని దాచే డేటా) నిజమైనదేనని సర్వర్ నమ్మేది ఆ కీని బట్టే. కీ తెలిసినవాడు దొంగ వ్యూస్టేట్ తయారుచేసి పంపి, మీ సర్వర్‌లో తనకు కావలసిన కోడ్ నడిపించగలడు. చాలామంది డెవలపర్లు ఈ లైనుని ఏదో వెబ్ పేజీ నుంచి కాపీ కొట్టి పెట్టారు. ఇలా బహిరంగంగా దొరుకుతున్న కీలు 3,000కు పైగా కనిపించాయని 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. అదే ఏడాది జులైలో మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింట్ (సంస్థలు ఫైళ్లు పంచుకునే) సర్వర్ల మీద జరిగిన దాడుల్లో ఎత్తుకుపోయినవీ ఇలాంటి మెషీన్ కీలే. అందుకే ప్యాచ్ వేస్తే సరిపోదు, కీలు కూడా మార్చండని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి మీరూ కీ మార్చండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ముందు ఒకటి సరిచూసుకోండి: కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్ ఫార్మాట్ 'ఎన్‌క్రిప్టెడ్' అని ఉంటే, కీ మారగానే ఎవరూ లాగిన్ కాలేరు. అలా ఉంటే అందరికీ కొత్త పాస్‌వర్డ్‌లు ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాకే కీ జోలికి వెళ్లండి.

ఇక మీ యాజమాన్యానికి చెప్పాల్సిన మాట. డబ్బిచ్చి రాయించుకున్నాం కాబట్టి సోర్స్ కోడ్ మాదేనని చాలామంది అనుకుంటారు. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది సంస్థదే. బయటి వ్యక్తికి కాంట్రాక్ట్ ఇచ్చి రాయించుకుంటే, రాతపూర్వకంగా బదలాయించనంతవరకు మామూలుగా హక్కు అతనిదే. బిల్డింగ్ కడితే ప్లాన్ కాగితాలు అడిగి బీరువాలో దాచుకునే యాజమాన్యం, వేలమంది పిల్లల ఫీజులు, ఫోన్ నంబర్లు ఉన్న అప్లికేషన్ విషయంలో చివరి పేమెంట్ ఇచ్చేటప్పుడు కూడా సోర్స్ అడగదు. అడిగినా సీడీలో ఏదో ఇస్తే తీసుకుంటుంది, అది బిల్డ్ అవుతుందో లేదో వేరే మెషీన్‌లో చూపించమనదు. మీ అప్లికేషన్ కాంట్రాక్ట్ మీద రాయించిందైతే, డీకంపైలర్ తెరవకముందే ప్రిన్సిపాల్ గారి చేత ఆ పాత ఒప్పందం కాగితం వెతికించండి.