ఇంట్లో తుపాకీ ఉంటే రక్షణేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. నిరుడే గ్రీన్ కార్డు వచ్చింది. మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. మావారు పిస్టల్ కొందామంటున్నారు. ‘ఏటా 25 లక్షల మంది తుపాకీతోనే ప్రాణాలు కాపాడుకుంటున్నారు’ అని ఆయన స్నేహితులు చెబుతున్నారు. తుపాకీ ఉన్న ఇంట్లోనే హత్యలు ఎక్కువని ఇంకొందరు అంటున్నారు. ఏ లెక్క నమ్మాలి? – ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: రెండూ గాలిలోంచి పుట్టిన లెక్కలు కావు. కానీ రెండింటికీ ఒకే బరువు లేదు.

25 లక్షల లెక్కను క్లెక్, గెర్ట్జ్ అనే నేరశాస్త్ర పరిశోధకులు 1995లో ప్రచురించారు. దాదాపు 5,000 మందికి ఫోన్ చేసి అడిగితే, గడచిన ఏడాదిలో తుపాకీతో ఆత్మరక్షణ చేసుకున్నామన్నవారు నూటికి ఒకరికి కాస్త పైన తేలారు. దాన్ని దేశంలోని పెద్దలందరికీ వర్తింపజేస్తే 25 లక్షలైంది. చిక్కంతా ఆ ‘నూటికి ఒకరు’ దగ్గరే. రెండేళ్ల కిందటి సంగతి నిరుడు జరిగిందని చెప్పేవారుంటారు. రాత్రి పెరట్లో చప్పుడైతే తుపాకీ పట్టుకుని వెళ్లి, దాడిని ఆపామని లెక్కేసుకునేవారుంటారు. 5,000 మందిలో ఇలాంటివారు 50 మంది ఉన్నా చాలు, ఆ 25 లక్షల్లో ముప్పాతిక భాగం ఎగిరిపోతుంది. జరిగినా చెప్పనివారూ ఉంటారు, నిజమే. కానీ అసలు జరిగినవారే కొద్దిమంది కాబట్టి వారి వల్ల లెక్క అంతగా తగ్గదు. అమెరికా ప్రభుత్వం చేసే నేరబాధితుల సర్వే ముందు ‘మీపై నేరం జరిగిందా’ అని అడుగుతుంది, జరిగిందన్నవారినే ‘మీరేం చేశారు’ అని అడుగుతుంది. అందులో తేలే సంఖ్య ఏటా లక్ష లోపే. అది కొంత తక్కువ చూపుతుండొచ్చు. అయినా 25 లక్షలను ఆధారంగా చేసుకుని తుపాకీ కొనకండి.

రెండో లెక్క కెల్లర్‌మన్ అనే వైద్య పరిశోధకుడి బృందానిది, 1993 నాటిది. హత్య జరిగిన ఇళ్లను అదే పరిసరాల్లోని ఇళ్లతో పోలిస్తే, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య ముప్పు 2.7 రెట్లుగా కనిపించింది. ప్రమాదం పొంచి ఉన్నవారే ముందుగా తుపాకీ కొనుక్కుని ఉంటారు కదా అన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే. అందుకే 2022లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనం నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. తాము తుపాకీ కొనకుండా, కొన్నవారితో ఒకే ఇంట్లో ఉంటున్నవారిని అది లెక్కలోకి తీసుకుంది. మొత్తం 1.76 కోట్ల మందిని 12 ఏళ్లపాటు గమనించారు. తుపాకీ ఉన్నవారితో కలిసి ఉంటున్నవారు హత్యకు గురయ్యే రేటు రెట్టింపు కంటే ఎక్కువ. ఇంట్లోనే భర్త, భార్య లేదా సహచరుడి చేతిలో తూటాకు బలయ్యే రేటు ఏడు రెట్లు. అలా పోయినవారిలో నూటికి 84 మంది ఆడవారు.

రెట్లు చూసి బెదిరిపోనక్కర్లేదు. ఆ 1.76 కోట్లలో హత్యకు గురైనవారు మొత్తం 2,293, అంటే 12 ఏళ్లలో లక్షకు 13 మంది. చిన్న ముప్పు రెట్టింపైనా చిన్నదే. కానీ తుపాకీ తెస్తే అది తగ్గడం లేదు, పెరుగుతోంది. కొనేముందు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

మరో మాట. 2023లో అమెరికాలో తుపాకీతో పోయినవారు 46,728 మంది. అందులో 17,927 హత్యలు, 27,300 ఆత్మహత్యలు. కాబట్టి ముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. కుంగుబాటుతో ఉన్నవారు, తాగి గొడవపడేవారు, యుక్తవయసు పిల్లలు ఉంటే కొనవద్దని గట్టిగా చెబుతాను.

దొంగల భయానికి ముందు తలుపు చూడండి. అమెరికా ఇళ్లలో తలుపు గొళ్లెం దూరే ఇనుప పలకను చాలాచోట్ల ముప్పావు అంగుళం స్క్రూలతో బిగిస్తారు. అవి పైచెక్కను మాత్రమే పట్టుకుంటాయి, ఒక్క తన్నుకు ఊడొస్తాయి. వాటిని తీసి గోడలోపలి కట్టె దాకా దిగే 3 అంగుళాల స్క్రూలు వేయించండి. డెడ్‌బోల్ట్ (తాళం తిప్పితే చట్రంలోకి దూరే గట్టి గడియ) నాలుక అంగుళం పొడవుండాలి. గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకూ ఇదే చేయండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టండి. భారతీయుల ఇళ్లలో నగలుంటాయని వెతుక్కుంటూ వచ్చే ముఠాలను అమెరికా పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు.

ప్రశ్న: మేం ఇప్పటికే కొనేశాం. పిల్లలకు 6, 13 ఏళ్లు. క్లోజెట్‌లో పై అరలో పెట్టాం, వాళ్లకు తెలియదు. చాలదా? – ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: చాలదు. అలబామాలో తల్లిదండ్రులను, పిల్లలను విడివిడిగా అడిగిన అధ్యయనం 2006లో వచ్చింది. ‘తుపాకీ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదు’ అన్న తల్లిదండ్రుల్లో నూటికి 39 మంది పిల్లలు తమకు తెలుసన్నారు.

తూటాలు తీసి ఉంచడం, తుపాకీకి తాళం, తూటాలకు తాళం, రెండూ వేర్వేరుచోట్ల. ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ పిల్లల ప్రమాదాలను, ఆత్మహత్యలను తగ్గించేదేనని 2005 నాటి అమెరికా అధ్యయనం చూపింది.

పిస్టల్ ఖాళీ చేసేటప్పుడు వరుస తప్పకూడదు. గొట్టాన్ని మనుషుల్లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, ముందు మేగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీయండి. ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగండి, ఛాంబర్‌లోని (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గదిలోని) తూటా బయటపడుతుంది. స్లైడ్‌ను వెనక్కే ఆపి ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడమండి. మేగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఒక తూటా బయటపడి, వదలగానే ఇంకొకటి లోపలికెక్కుతుంది. తర్వాత మేగజైన్ తీసేసి ఖాళీ అనుకుంటారు, కానీ ఒకటి లోపలే ఉంటుంది. ‘ఖాళీ’ తుపాకీ పేలిన ప్రమాదాల్లో తరచూ కనిపించేది ఈ పొరపాటే.

కేబుల్ తాళాన్ని గొట్టం చివరి నుంచి కాదు, స్లైడ్ లాగినప్పుడు తూటా బయటపడే పక్క రంధ్రంలోంచి దూర్చి మేగజైన్ పెట్టే చోటునుంచి బయటికి తీయండి. అలా ఉంటే స్లైడ్ మూసుకోదు. చాలా ఊళ్లలో పోలీసులే ఈ తాళాలు ఉచితంగా ఇస్తారు. ట్రిగ్గర్ తాళాన్ని తూటా ఉన్న తుపాకీకి వేయకూడదు, వేసేటప్పుడే పేలొచ్చు. వేలిముద్ర పెట్టె కొంటే బ్యాటరీ మార్చే తేదీ రాసిపెట్టుకోండి, అత్యవసర తాళంచెవి అదే గదిలో ఉంచకండి. కోడ్‌గా పుట్టినరోజు పెడితే 13 ఏళ్ల పిల్లవాడికి తెలియకుండా పోదు.

ఆ పిల్లవాడి ముభావం ఎక్కువవుతోందనిపిస్తే తుపాకీని కొన్నాళ్లు ఇంటి బయట భద్రపరిచే ఏర్పాటు చూడండి. లైసెన్సున్న డీలర్లు, పోలీసులు కొన్నిచోట్ల ఈ సాయం చేస్తారు. అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే పగలూ రాత్రీ మాట్లాడతారు.

ప్రశ్న: ఎఫ్-1 వీసాపై చదువుతూ గ్యాస్ స్టేషన్‌లో పని చేస్తున్నాను. కౌంటర్ కింద యజమాని పిస్టల్ ఉంది, అవసరమైతే తీయమన్నాడు. తీయొచ్చా?

జవాబు: ముట్టుకోవద్దు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి తాత్కాలిక వీసాలవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, దేశం నుంచి పంపేయడం అదనం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువున్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అది లేకుండా స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చడమూ నేరమే. ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు, మరొకరికి హెచ్-1బి ఉంటే రెండోవారికి పెట్టె తాళంచెవి, కోడ్ రెండూ ఇవ్వకూడదు.

దొంగ వస్తే డబ్బు ఇచ్చేయండి, చేతులు కనబడేలా ఉంచండి, వెంటపడకండి. గల్లాలో కొద్ది డబ్బే ఉంచి మిగతాది మీరు తెరవలేని డ్రాప్ సేఫ్‌లో వేసే ఏర్పాటు చేయమని, అద్దాలపై పోస్టర్లు తీసేసి లోపలిది వీధిలోకి కనబడేలా చేయమని యజమానిని అడగండి. తుపాకులు అనుమతించిన పనిచోట్ల, ఆయుధాలన్నిటినీ నిషేధించిన చోట్లకంటే ఉద్యోగుల హత్యలు దాదాపు అయిదు రెట్లు ఎక్కువని నార్త్ కరోలినా అధ్యయనం ఒకటి 2005లో తేల్చింది. తుపాకీ లేని కౌంటర్ అడగడం పిరికితనం కాదు. ఆయన ఒప్పుకోకపోతే ఆ పని మానేయండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో నగల దుకాణం ఉంది. రివాల్వర్ లైసెన్సు ఎలా? – ఒక వ్యాపారి

జవాబు: కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్ ఇస్తారు. వయసు 21 నిండాలి. ఫారం ఎ-1తో పాటు వైద్య ధ్రువపత్రం, ఆయుధ శిక్షణ పత్రం, భద్రంగా దాచే ఏర్పాటు చూపాలి. తర్వాత పోలీసు విచారణ. మీకే ప్రత్యేకంగా ముప్పుందని చూపే ఆధారం, ఉదాహరణకు బెదిరింపుపై ఎఫ్ఐఆర్, లేకపోతే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. .32 రివాల్వర్ దొరుకుతుంది, 9 ఎం.ఎం. పిస్టల్ నిషిద్ధ కోవలోది. 2019 సవరణ తర్వాత ఒకరికి గరిష్ఠంగా రెండు తుపాకులు, లైసెన్సు గడువు అయిదేళ్లు. ఎన్నికలప్పుడు అధికారులు అడిగితే స్టేషన్‌లో జమచేసి రసీదు తీసుకోవాలి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.